ప్రోటాన్ కిరణాలు – జీవకణాలు

బెంగళూరు నుండి హోసూరుకు పోయే పెద్ద రహదారి మీద, ఆనేకల్ తాలూకాలో, చందాపుర అనే ఊరు ఉంది. నేడు దాని చుట్టూ కర్మాగారాలు, వసతి గృహాలు, దుకాణాలు వెలిశాయి. ఈ ప్రాంతంలో కన్నడంతో పాటు తెలుగు, తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. చందాపురకు దగ్గరలోనే ఉన్న బొమ్మసంద్రలో పెద్ద ఆసుపత్రుల సముదాయం ఉంది. అందులో క్యాన్సర్ చికిత్సకు ప్రత్యేక కేంద్రం ఉంది. ఇదే రహదారి మీద, నగరానికి చేరువలో, 1973లో ఏర్పడిన కిద్వాయి క్యాన్సర్ సంస్థ ఉంది. చుట్టుపక్కల ఊళ్ళవారే కాక చిత్తూరు, అనంతపురం వైపు నుండి కూడా రోగులు ఈ దారినే చికిత్సకు వస్తుంటారు.

ఈ రోగుల బంధువుల నోట తరచుగా వినబడే మాట ఒకటి ఉంది. అదే “కరెంటు పెట్టడం.” “అమ్మకు పాతిక కరెంట్లు పెట్టాలన్నారు” అని ఒకరు చెబుతారు. “కరెంటు పెడితే లోపల కాలిపోదా?” అని మరొకరు భయపడతారు. నిజానికి ఆ చికిత్సలో రోగి ఒంట్లోకి విద్యుత్తును పంపించరు. పంపేది కిరణాలను. అందుకే దాన్ని కిరణ చికిత్స అంటారు. ఈ మధ్య కాలంలో ఇందులో ఒక కొత్త పేరు వినవస్తున్నది. అది ప్రోటాన్ చికిత్స. అది మామూలు కిరణ చికిత్స కంటే మేలైనదా? ఉన్న ఎకరా అమ్మి అయినా దాన్నే చేయించాలా? అది ఒంటికి ఏం చేస్తుంది? ఇవి ఎన్నో కుటుంబాలను వేధించే ప్రశ్నలు. వీటికి జవాబు దొరకాలంటే కిరణం తగిలినప్పుడు జీవకణంలో ఏం జరుగుతుందో ముందు తెలుసుకోవాలి.

తెలుగులో కణం అనే మాటకు రెండు అర్థాలు ఉన్నాయి. ప్రాణుల శరీరం దేనితో కట్టబడి ఉన్నదో అది జీవకణం. పరమాణువులో ఉండే ప్రోటాన్, ఎలక్ట్రాన్ వంటి వాటిని కూడా కణాలనే అంటారు. ఈ రెండూ కలగాపులగం కాకుండా ఉండటానికి ఇక్కడ మొదటిదాన్ని జీవకణమని, రెండవదాన్ని రేణువని అందాం.

జీవకణం కంటికి కనబడనంత చిన్నది. దాని నడుమ కేంద్రకం ఉంటుంది. ఆ కేంద్రకంలో డి.ఎన్.ఎ. అనే సన్నని పోగు చుట్టలు చుట్టుకొని ఉంటుంది. ఒక్క జీవకణంలోని డి.ఎన్.ఎ.ను పూర్తిగా విప్పి పొడవుగా చాపితే సుమారు 2 మీటర్లు ఉంటుంది. దాని మందం మాత్రం 2 నానోమీటర్లే, అంటే ఒక మిల్లీమీటరులో అయిదు లక్షలవ వంతు. జీవకణం ఏ పని చేయాలి, ఎప్పుడు రెండుగా చీలాలి, ఎప్పుడు ఆగాలి అన్న ఆజ్ఞలన్నీ ఆ పోగులోనే ఉన్నాయి. ఆ ఆజ్ఞలు చెడి, ఆగవలసిన చోట ఆగకుండా జీవకణం చీలుతూ పోతే ఏర్పడేదే క్యాన్సర్ గడ్డ. పూర్వం దీన్నే రాచపుండు అనేవారు.

1895లో జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. ఏడాది తిరగకుండానే వైద్యులు వాటిని గడ్డల మీద ప్రయోగించి చూశారు. గడ్డలు తగ్గాయి. కాని ఎందుకు తగ్గాయో చాలాకాలం తెలియలేదు. వేడి వల్ల కాలిపోయి ఉంటాయని ఎవరైనా అనుకోవచ్చు. అది నిజం కాదని ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది.

శరీరం గ్రహించిన కిరణశక్తిని ‘గ్రే’ అనే ప్రమాణంతో కొలుస్తారు. ఒక కిలోగ్రాము పదార్థం ఒక జౌలు శక్తిని గ్రహిస్తే అది 1 గ్రే. ఒక మనిషి ఒళ్ళంతటికీ ఒక్కసారిగా సుమారు 4 గ్రేల కిరణాలు సోకితే, వైద్యం అందకపోతే బ్రతికే అవకాశం సగమే. మరి ఆ 4 గ్రేలలో ఉన్న వేడి ఎంత? 70 కిలోల మనిషికి లెక్కిస్తే 280 జౌళ్ళు. ఒక చెంచాడు వేడి టీ తాగితే ఒంటికి చేరే వేడి దానికంటే ఎక్కువ. చెంచాడు టీకి ఎవరూ చావరు. కనుక కిరణం చేసే పని వేడి వల్ల జరిగేది కాదు. శక్తి ఎంత అన్నది కాదు, అది ఎక్కడ పడింది అన్నదే ముఖ్యం.

కిరణం జీవకణంలో ప్రవేశించినప్పుడు తన దారిలోని అణువుల నుండి ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. దీన్నే అయనీకరణం అంటారు. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అణువు నిలకడ తప్పి విరిగిపోతుంది. ఈ దెబ్బ డి.ఎన్.ఎ. మీద నేరుగా పడవచ్చు. లేదా చుట్టూ ఉన్న నీటి మీద పడవచ్చు. జీవకణంలో ఎక్కువ భాగం నీరే కదా! నీటి అణువు విరిగినప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ అనే అతి చురుకైన ముక్క పుడుతుంది. దాని ఆయువు సెకనులో వంద కోట్లవ వంతు మాత్రమే. ఆ కాస్త వ్యవధిలోనే అది పక్కనున్న డి.ఎన్.ఎ.ను కొరికేస్తుంది. ఎక్స్-కిరణాల వల్ల డి.ఎన్.ఎ.కు కలిగే నష్టంలో సుమారు మూడింట రెండు వంతులు ఇలా నీటి ద్వారా జరిగేదే.

డి.ఎన్.ఎ.ను రెండు పేటలు పెనవేసిన తాడుతో పోల్చవచ్చు. ఒక పేట తెగితే తాడు తెగదు. తెగిన చోట ఏముండాలో ఎదుటి పేటను చూసి జీవకణం సరిచేసుకుంటుంది. రెండు పేటలూ ఒకేచోట తెగితే మాత్రం తాడు రెండు ముక్కలవుతుంది. అప్పుడు అతకడం కష్టం. అతికినా కొన్నిసార్లు ఒక ముక్కకు మరో ముక్క తప్పుగా అతుకుతుంది. 1 గ్రే కిరణాలు సోకిన జీవకణంలో ఒంటిపేట తెగుళ్ళు వేయి దాకా, జంటపేట తెగుళ్ళు 40 దాకా ఏర్పడతాయి. వేయి తెగుళ్ళను జీవకణం దాదాపుగా బాగుచేసుకోగలదు. దాని బ్రతుకును తేల్చేవి ఆ 40 తెగుళ్ళే.

ఇలా బాగుచేసుకునే శక్తి ప్రాణులకు పుట్టుకతోనే ఉంది. ఎండ, ఆహారం, శ్వాసక్రియ మొదలైన వాటి వల్ల ప్రతిరోజూ డి.ఎన్.ఎ. ఎక్కడో ఒకచోట చెడుతూనే ఉంటుంది. దాన్ని కనిపెట్టి, కత్తిరించి, కొత్త ముక్క వేసి, అతికే ప్రోటీన్లు ప్రతి జీవకణంలోనూ కాపలా కాస్తున్నాయి. ఈ మరమ్మతు ఎలా జరుగుతుందో వివరించినందుకు లిండాల్, మోడ్రిచ్, సంజార్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానం లభించింది. మరమ్మతు పూర్తయ్యే వరకు జీవకణం చీలకుండా ఆపే ప్రోటీన్లు కూడా ఉన్నాయి. వాటిలో పి53 ముఖ్యమైనది. నష్టం మరమ్మతుకు లొంగనిదైతే ఆ జీవకణం తనంతట తాను మరణించేలా కూడా అది చేస్తుంది. చెడిన ఆజ్ఞలతో బ్రతికి ఒళ్ళంతటికీ చేటు తేవడం కంటే ఆ ఒక్క జీవకణం పోవడమే మేలు.

సుమారు సగం క్యాన్సర్లలో ఈ పి53 చెడిపోయి ఉంటుంది. చాలా క్యాన్సర్ జీవకణాలలో మరమ్మతు వ్యవస్థ కూడా కుంటుపడి ఉంటుంది. అవి తెగిన తాళ్ళతోనే చీలడానికి పూనుకుంటాయి. ఒకటి రెండు సార్లు చీలి, ఆ చీలికలోనే నశిస్తాయి. అందువల్లనే కిరణ చికిత్స ఇచ్చిన రోజే గడ్డ కరగదు. కొన్ని వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడుతుంది. “ఇన్ని కరెంట్లు పెట్టినా గడ్డ అలాగే ఉందే” అని దిగులుపడి చికిత్సను మధ్యలో మానుకోవడం మంచిది కాదు.

త్వరత్వరగా చీలే జీవకణాలు కిరణాలకు ఎక్కువగా లొంగుతాయని 1906లోనే ఫ్రాన్సు శాస్త్రవేత్తలు బెర్గోనియే, ట్రిబోందో గుర్తించారు. నోటి లోపలి పొర, వెంట్రుకల కుదుళ్ళు, రక్తాన్ని తయారుచేసే మూలుగ కూడా త్వరగా చీలేవే. అందుకే కిరణాలు పడిన చోట నోరు పూయడం, జుట్టు రాలడం జరుగుతుంది. అవి చాలావరకు మళ్ళీ కోలుకుంటాయి. నరాలు, గుండె కండరం అలా కాదు. అవి పెద్దగా చీలవు కనుక నష్టం వెంటనే బయటపడదు. ఏళ్ళు గడిచాక బయటపడుతుంది. అప్పుడు కోలుకోవడం కష్టం.

ఈ తేడాలను గమనించే వైద్యులు మొత్తం మోతాదును ఒకేసారి ఇవ్వరు. రోజుకు సుమారు 2 గ్రేల చొప్పున, వారానికి 5 రోజులు, ఆరేడు వారాలు ఇస్తారు. నేటికీ రేపటికీ మధ్య ఉన్న ఇరవై నాలుగు గంటలలో మంచి జీవకణాలు తమ తెగుళ్ళను అతుక్కుంటాయి. క్యాన్సర్ జీవకణాలు అంత బాగా అతుక్కోలేవు. రోజురోజుకూ ఆ తేడా పెరుగుతూ పోతుంది. “పాతిక కరెంట్లు” అన్న మాట వెనుక ఉన్న లెక్క ఇదే.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. ఎక్స్-కిరణం గడ్డ దగ్గర ఆగదు. చర్మం దాటిన కొద్ది దూరంలోనే ఎక్కువ శక్తిని వదిలి, క్రమంగా తగ్గుతూ గడ్డను దాటి, ఒంటి అవతలి వైపునుండి బయటకు పోతుంది. దారిలోని మంచి జీవకణాలన్నీ దాని దెబ్బ తినవలసిందే. ఈ చిక్కు తీర్చడానికి దారి చూపిన రేణువే ప్రోటాన్.

ప్రోటాన్ హైడ్రోజన్ పరమాణువు కేంద్రకం. దానికి ధనావేశం ఉంటుంది. ఎలక్ట్రాన్ కంటే 1836 రెట్లు బరువైనది. దానికి ఆ పేరు పెట్టినవాడు రూథర్‌ఫర్డ్. బరువైన ఆవేశ రేణువులకు ఒక విచిత్ర స్వభావం ఉందని ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న విలియం బ్రాగ్ 1904 ప్రాంతంలో కనుగొన్నాడు. అవి వేగంగా పోతున్నప్పుడు దారిలో తక్కువ శక్తిని వదులుతాయి. వేగం తగ్గే కొద్దీ ఎక్కువ వదులుతాయి. ఆగిపోయే ముందు మిగిలిన శక్తిని ఒక్కపెట్టున గుమ్మరించి అక్కడే ఆగుతాయి. పరుగెత్తే బండి మీది నుండి చేయి చాస్తే దారి పక్కన చింతకాయ ఒకటైనా అందదు. బండి నెమ్మదిస్తే గుప్పెడు కోయవచ్చు. ప్రోటాన్ సంగతీ అంతే. నెమ్మదిగా పోతున్నప్పుడు అది ఒక్కొక్క పరమాణువు దగ్గర ఎక్కువ సేపు ఉంటుంది, ఎక్కువ ఎలక్ట్రాన్లను ఊడగొడుతుంది. చివర శక్తి పోగుపడే ఆ చోటును బ్రాగ్ శిఖరం అంటారు.

దీన్ని హోసూరు రోడ్డు మీద బస్సులతో పోల్చి చూడవచ్చు. గడ్డ చందాపురలో ఉన్నదనుకుందాం. ఎక్స్-కిరణం ఆర్డినరీ బస్సు వంటిది. బొమ్మనహళ్ళిలో చాలామందిని దింపుతుంది. హెబ్బగోడిలో కొందరిని, బొమ్మసంద్రలో కొందరిని, చందాపురలో మరికొందరిని దింపి, అక్కడ ఆగక అత్తిబెలె మీదుగా హోసూరు దాకా పోతుంది. ప్రోటాన్ బస్సు దారిలో కొద్దిమందినే దింపుతుంది. ఎక్కువమంది దిగేది చందాపురలోనే. అదే దాని చివరి స్టాపు. అత్తిబెలెకు ఆ బస్సు పోదు. గడ్డకు అవతల ఉన్న మంచి జీవకణాలు అత్తిబెలె ప్రజల వంటివి. వారికి ఆ బస్సు బాధ దాదాపుగా ఉండదు.

బస్సు ఎక్కడ ఆగాలో నిర్ణయించేది దాని తొలి వేగం. 100 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి గల ప్రోటాన్ నీటిలో సుమారు 8 సెంటీమీటర్లు పోయి ఆగుతుంది. 150 అయితే సుమారు 16 సెంటీమీటర్లు, 230 అయితే సుమారు 33 సెంటీమీటర్లు పోతుంది. 230 శక్తి గల ప్రోటాన్ వేగం కాంతి వేగంలో అరవై శాతం. మన శరీరం చాలావరకు నీరే కనుక ఈ లెక్కలు ఒంటికీ ఇంచుమించు వర్తిస్తాయి. గడ్డ ఒక చుక్క కాదు, దానికి మందం ఉంటుంది. అందుచేత రకరకాల శక్తులు గల ప్రోటాన్లను వరుసగా పంపి, శిఖరాన్ని పొర వెంట పొరగా గడ్డ నిండా పరుస్తారు. ఇన్ని పొరలు పరచినప్పుడు గడ్డకు ముందున్న దారిలోని జీవకణాలకు కొంత మోతాదు తప్పదు. ప్రోటాన్ చికిత్సలో చర్మానికి ఏమీ కాదనుకోవడం పొరపాటు.

ఈ స్వభావాన్ని వైద్యానికి వాడవచ్చునని మొదట సూచించినవాడు అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ విల్సన్. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన లాస్ అలమోస్‌లో అణుబాంబు తయారీలో పాల్గొన్నాడు. యుద్ధం ముగిశాక, 1946లో, వేగవంతమైన ప్రోటాన్లతో గడ్డలకు చికిత్స చేయడాన్ని గురించి ఒక వ్యాసం ప్రకటించాడు. 1954లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ ప్రయోగశాలలో తొలి రోగికి ఈ చికిత్స జరిగింది. ఆ రోజుల్లో ప్రోటాన్లను తరిమే సైక్లోట్రాన్ యంత్రాలు భౌతికశాస్త్ర ప్రయోగశాలల్లోనే ఉండేవి. ఆసుపత్రిలోనే యంత్రాన్ని నెలకొల్పి చికిత్స చేయడం 1990లో అమెరికాలోని లోమా లిండాలో మొదలైంది.

మన దేశంలో తొలి ప్రోటాన్ చికిత్సా కేంద్రం 2019లో చెన్నైలో ప్రారంభమైంది. అది అపోలో ఆసుపత్రుల సంస్థ స్థాపించినది. ఆ సంస్థ వ్యవస్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి చిత్తూరు జిల్లా అరగొండకు చెందిన తెలుగువాడు. 2023లో ముంబయి సమీపాన ఖార్‌ఘర్‌లో టాటా స్మారక కేంద్రం వారు కూడా ఈ చికిత్సను ప్రారంభించారు. చందాపుర వైపు వారు చెన్నై చేరాలంటే హోసూరు, కృష్ణగిరి, వేలూరు మీదుగా పోవాలి. ఆరేడు వారాల పాటు రోజూ జరిగే చికిత్స కనుక రోగితో పాటు ఇంటివారొకరు పని మానుకొని అక్కడే ఉండవలసి వస్తుంది. సైక్లోట్రాన్ బరువు రెండు వందల టన్నులకు పైగా ఉంటుంది. కిరణాలు బయటికి రాకుండా చుట్టూ మీటర్ల మందం గల కాంక్రీటు గోడలు కట్టాలి. అందుకే ఈ చికిత్సకు ఖర్చు చాలా ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ప్రోటాన్ జీవకణానికి చేసే నష్టం ఎక్స్-కిరణం చేసే నష్టం వంటిదేనా? చాలావరకు అటువంటిదే. అదే అయనీకరణం, అవే తెగుళ్ళు. సమానమైన మోతాదు ఇచ్చినప్పుడు ప్రోటాన్ ప్రభావం ఎక్స్-కిరణం కంటే సుమారు పదో వంతు ఎక్కువగా ఉంటుందని వైద్యులు లెక్క కడతారు. దీన్ని 1.1 అనే సంఖ్యతో సూచిస్తారు. ఎక్స్-కిరణాలతో 55 గ్రేలు ఇవ్వవలసిన చోట ప్రోటాన్లతో 50 గ్రేలు చాలు.

కాని ఈ సంఖ్య సగటు లెక్క. దారి పొడవునా అది ఒకే విధంగా ఉండదు. ప్రోటాన్ ఆగిపోయే చోట దాని వేగం బాగా తగ్గి, అయనీకరణం దట్టంగా జరుగుతుంది. తెగుళ్ళు విడివిడిగా కాక గుంపుగా ఏర్పడతాయి. రెండు పేటలు తెగడమే కాక ఆ పక్కనే మరో రెండు మూడు గాయాలు కూడా పడతాయి. అటువంటి గాయాల గుంపును అతకడం ఆరోగ్యమైన జీవకణానికి కూడా కష్టమే. ప్రయోగశాలల్లో పెంచిన జీవకణాల మీద చేసిన ప్రయోగాల్లో, ప్రోటాన్ దారి చిట్టచివర ఆ సంఖ్య 1.7 వరకు కూడా పెరిగింది. ఆ చివర గడ్డలోనే ఉంటే మంచిదే. గడ్డ అంచు దాటి మెదడు కాండంలోనో, కంటి నరంలోనో పడితే ప్రమాదం. అందువల్ల వైద్యులు, భౌతికశాస్త్ర నిపుణులు కలిసి ప్రోటాన్ల దారి చివర సున్నితమైన అవయవం వద్ద పడకుండా కోణాలను ఎంచుకుంటారు. ఈ విషయం మీద పరిశోధనలు ఇంకా సాగుతున్నాయి.

మరో జాగ్రత్త కూడా అవసరం. చికిత్స సాగుతున్న వారాలలో గడ్డ కుంచించుకుపోవచ్చు. రోగి చిక్కిపోవచ్చు. ముక్కులో జలుబు చేరవచ్చు. గాలి ఉన్న చోట నీరు చేరితే ప్రోటాన్ ముందుగానే ఆగిపోతుంది. నీరున్న చోట గాలి చేరితే మరికొంత దూరం పోతుంది. కొన్ని మిల్లీమీటర్ల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. కనుక రోగి కదలకుండా ముఖానికి తొడుగు అమర్చుతారు. నడుమ నడుమ స్కానింగు తీసి కొలతలు సరిచూస్తారు.

ప్రాణవాయువుకు కూడా ఈ కథలో పాత్ర ఉంది. తెగిన డి.ఎన్.ఎ. చివర ఆక్సిజన్ చేరితే ఆ గాయం స్థిరపడిపోతుంది. పెద్ద గడ్డల నడిబొడ్డున రక్తనాళాలు సరిగా ఉండవు, ఆక్సిజన్ అందదు. అక్కడి జీవకణాలను చంపాలంటే రెండున్నర నుండి మూడు రెట్ల మోతాదు కావాలి. ఈ విషయంలో ఎక్స్-కిరణానికీ ప్రోటాన్‌కూ పెద్ద తేడా లేదు. ప్రోటాన్ కంటే బరువైన కార్బన్ రేణువులు ఆ లోటును కొంత అధిగమిస్తాయి. 1994 నుండి జపాన్‌లోని చిబాలో వాటితో చికిత్స చేస్తున్నారు.

దీన్నిబట్టి ప్రోటాన్ గొప్పతనం జీవకణాన్ని చంపే తీరులో అంతగా లేదని, ఏ జీవకణాన్ని విడిచిపెడుతుందన్న దానిలో ఉన్నదని అర్థమవుతుంది. దీనివల్ల ఎక్కువ మేలు పొందేది పిల్లలు. చిన్నమెదడులో పుట్టే మెడుల్లోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌కు మెదడుతో పాటు వెన్నుపాము పొడవునా కిరణాలు ఇవ్వాలి. ఎక్స్-కిరణాలను వీపు వైపునుండి ఇస్తే అవి వెన్నెముకను దాటి గుండె, ఊపిరితిత్తులు, పేగుల గుండా పోతాయి. ప్రోటాన్లు వెన్నుపూస ముందు అంచున ఆగిపోతాయి. ఎదిగే పిల్లలకు వెన్నుపూసలో సగానికి మోతాదు ఇచ్చి సగం వదిలితే వెన్ను వంకరగా పెరుగుతుంది. అందుచేత వారికి కావాలనే పూస మొత్తానికి సమంగా మోతాదు ఇస్తారు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు జబ్బు నయమై అరవై ఏళ్ళు బ్రతకవలసినవాడు. ఈనాడు అతని గుండె మీద పడిన కిరణాల ఫలితం నలభయ్యో ఏట కనబడవచ్చు. కిరణాలు సోకిన మంచి జీవకణంలో తప్పుగా అతికిన తెగులు నుండి మరో క్యాన్సర్ పుట్టవచ్చు. ఆ ముప్పును తగ్గించడమే ఇక్కడ ముఖ్యం. పుర్రె అడుగున, వెన్నుపామును ఆనుకొని, కంటి లోపల పుట్టే గడ్డలకు కూడా ఇదే కారణంగా ప్రోటాన్ చికిత్స ఉపకరిస్తుంది.

అన్ని క్యాన్సర్లకూ ఇదే మేలైన చికిత్స అనడానికి వీలులేదు. ప్రోస్టేటు గ్రంథి క్యాన్సర్ రోగుల మీద అమెరికాలో జరిపిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 2024లో వెల్లడయ్యాయి. నేటి ఆధునిక ఎక్స్-కిరణ చికిత్స పొందినవారికీ, ప్రోటాన్ చికిత్స పొందినవారికీ చికిత్స తర్వాతి జీవనంలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఎక్స్-కిరణ యంత్రాలు కూడా ఎంతో మెరుగుపడ్డాయి. అవి గడ్డ ఆకారానికి తగినట్లు కిరణాలను మలచగలవు. బెంగళూరులోనూ, హైదరాబాదులోనూ, మరెన్నో పట్టణాలలోనూ అవి అందుబాటులో ఉన్నాయి. శరీరమంతటా పాకిన క్యాన్సర్‌కు ప్రోటాన్ ఒక్కటే మందు కాదు. అప్పుడు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరిగే మందులు కావాలి.

ఆ మందులు కూడా జీవకణంలోని డి.ఎన్.ఎ.నే గురిచేసుకొని పుట్టాయన్నది గమనింపదగిన విషయం. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలు నడిపాడు. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందు, డి.ఎన్.ఎ. తయారీకి అవసరమైన ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగిస్తుంది. దాన్ని రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చి సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1948లో తొలి ఫలితాలు ప్రకటించాడు. సుబ్బారావు కన్నుమూసినది ఆ సంవత్సరమే. రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్న ఏడాదే ఆయన పుట్టాడు. కిరణంతో తెంచడం ఒక పద్ధతి. కొత్త పోగు తయారు కాకుండా ఆపడం మరొక పద్ధతి. గురి మాత్రం ఒక్కటే.

కిరణ చికిత్స గురించి మరొక అపోహ ఉంది. చికిత్స పొందినవారి దగ్గరికి పోతే ఆ కిరణాలు తమకూ సోకుతాయని కొందరు భయపడతారు. వారి పళ్ళెం, పక్క వేరు చేస్తారు. ఇది తగదు. బయటి యంత్రం నుండి ఇచ్చే ఎక్స్-కిరణాలు యంత్రం ఆగగానే ఆగిపోతాయి. ప్రోటాన్ల వల్ల ఒంట్లో పుట్టే స్వల్పమైన రేడియోధార్మికత కొన్ని నిమిషాల్లోనే అణగిపోతుంది. దానివల్ల ఇతరులకు అపాయం లేదు. చికిత్స ముగించుకొని ఇంటికి వచ్చిన తల్లి తన బిడ్డను నిశ్చింతగా ఎత్తుకోవచ్చు.

ఇంట్లో ఎవరికైనా కిరణ చికిత్స అవసరమని చెప్పినప్పుడు వైద్యుని మూడు ప్రశ్నలు అడగడం మేలు. గడ్డకు దగ్గరలో ఉన్న సున్నితమైన అవయవం ఏది? ఆధునిక ఎక్స్-కిరణాలతో ఆ అవయవానికి ఎంత మోతాదు పడుతుంది, ప్రోటాన్లతో అయితే ఎంత తగ్గుతుంది? ఆ తగ్గుదల వల్ల ఈ రోగికి, ఈ వయసులో, కలిగే మేలు ఏమిటి? మూడవ ప్రశ్నకు వైద్యుడు స్పష్టమైన మేలు చూపిస్తే చెన్నైకో, ఖార్‌ఘర్‌కో పోయే దారి వెతకాలి. ప్రభుత్వ పథకాల సాయం, ఆసుపత్రుల ధర్మనిధుల సాయం దొరుకుతుందేమో విచారించాలి. అంతగా మేలు లేదని చెబితే పొలం అమ్ముకోనక్కరలేదు. దగ్గరలోనే దొరికే చికిత్సను ఆలస్యం లేకుండా మొదలుపెట్టి, ఒక్కరోజు కూడా మానకుండా పూర్తి చేయించుకోవాలి. ఏ చికిత్స అయినా గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది.